పెంకుల సంచిలో ఎండుమిరపకాయ

పప్పు డబ్బాలో ఎండుమిరపకాయ వేసే అలవాటు నాకు అమ్మ నుంచి రాలేదు. అమ్మ వేపాకు వేసేది. కాకినాడలో మా పెరటి గోడ అవతల వేపచెట్టు, దాని కొమ్మ మా వైపు వంగి ఉండేది. బియ్యానికైనా పట్టుచీరలకైనా అమ్మకి అదే మందు. ఇల్లినాయ్‌లో వేపచెట్టు ఎక్కడ దొరుకుతుంది? ఇక్కడ ఏ సంచి మూతి కట్టినా, ఏ డబ్బా మూత బిగించినా, అంతకుముందు తొడిమ తియ్యని ఎండుమిరపకాయ ఒకటి లోపల పడెయ్యాలని నేర్పింది పిన్ని. కందిపప్పు, మినప్పప్పు, రవ్వ, చివరికి పిల్లల స్వెటర్లు మడిచిపెట్టిన ప్లాస్టిక్ పెట్టె కూడా. అది ఆలోచించి చేసే పని కాదు, చెయ్యి దానంతటదే మిరపకాయల డబ్బా వైపు వెళ్తుంది. అరోరాలో మా వంటింట్లో మొన్నమొన్నటి దాకా ఏ డబ్బా తెరిచినా పైన ఎర్రగా ఒకటి కనిపించేది.

పిన్ని నాకు చుట్టం కాదు. నేను పురావస్తుశాస్త్రం చదవడానికి ఈ దేశం వచ్చినప్పుడు నాకు గురువైన ప్రొఫెసర్‌గారి భార్య. ఆయన్ని అందరూ సార్ అనేవారు, నేను మాత్రం మాస్టారూ అనేదాన్ని. మొదటిసారి వాళ్ళింటికి భోజనానికి వెళ్ళి, అందరిలాగే నేనూ "నమస్తే ఆంటీ" అన్నాను. ఆవిడ చేతిలో గరిటె అలాగే పట్టుకుని నన్ను కిందినుంచి పైదాకా చూసింది. "ఆంటీ అని ఈ ఊళ్ళో పిల్లలు ఎవరిని పడితే వాళ్ళని పిలుస్తారు. నువ్వు పిన్నీ అను. మీరు గీరు అనకు, పరాయిదానిలా ఉంటుంది" అంది. అమ్మని వదిలి వచ్చి అప్పటికి నెల కూడా కాలేదు. నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి. ఆ పూట అన్నం రెండుసార్లు వడ్డించుకున్నాను.

పోయిన మార్చిలో నాకొక ఫోన్ వచ్చింది. నేను చదువుకున్న యూనివర్సిటీ నుంచి, మేఘన అనే అమ్మాయి. ఇక్కడే పుట్టిన తెలుగు పిల్ల, అక్కడ స్టూడెంట్. "పద్మజ ఆంటీ, మీకు నేను తెలీదు. ఒక వియర్డ్ క్వశ్చన్ అడగాలి" అంది. "ఇక్కడ స్టోరేజ్‌లో ఓల్డ్ రోమన్ పాటరీ బాక్సెస్ ఉన్నాయి. అవి దొరికిన కంట్రీ మ్యూజియంకి రిటర్న్ చేస్తున్నాం. ట్యాగ్స్ మీద మీ నేమ్ ఉంది. బ్యాగ్స్ ఓపెన్ చేస్తే లోపల రెడ్ చిల్లీస్ ఉన్నాయి. అది ఏమైనా ప్రిజర్వేషన్ మెథడా?"

"ఎన్నిట్లో ఉన్నాయి?" అన్నాను.

"ఆల్మోస్ట్ అన్నిట్లో. మా అమ్మమ్మ పప్పులో అట్లా వేస్తుంది, అందుకే నాకు డౌట్ వచ్చింది. మా సూపర్‌వైజర్ అయితే ఎవరిదో లంచ్ అనుకుంటున్నారు." ఆ అమ్మాయి నవ్వింది. ఫోటో పంపమన్నాను. పంపింది. తెల్లటి గుడ్డసంచి, లోపల బూడిదరంగు కుండపెంకులు, వాటిమీద నల్లగా మాడిపోయిన రంగులో, ముడుచుకుపోయి, తొడిమతో సహా ఒక మిరపకాయ. ఆ సంచులు కట్టినప్పుడు నేను మిరపకాయలు వెయ్యలేదు. అప్పటికి నాకా అలవాటే లేదు. అది పెళ్ళయ్యాక, పిన్ని మా కొత్త కాపురానికి వచ్చి వంటిల్లు సర్దిపెట్టినప్పుడు అబ్బింది. ఫోన్ బల్లమీద పెట్టి చాలాసేపు కుర్చీలోనే ఉండిపోయాను. స్టవ్ మీద పాలు పొంగి, మాడిన వాసన వచ్చేదాకా లేవలేదు.

మాస్టారికి ఉన్నది ఒకటే లోకం. యూరప్‌లో డాన్యూబ్ నది ఒడ్డున, నది దాటే చోట, రోమన్లు కట్టుకున్న సైనిక కోట. చిన్నాచితకా ఠాణా కాదు, ఒక లీజియన్ మొత్తం, అంటే వేలమంది సైనికులు, ఏళ్ళ తరబడి కాపురం ఉన్న కోట. పేకముక్కకున్నట్టు గుండ్రంగా తిరిగిన మూలలు, చుట్టూ ఎత్తైన మట్టిగట్టు, దాని బయట కందకం, నాలుగు ద్వారాలు. ఒక ద్వారం తిన్నగా వంతెన మీదికి తెరుచుకునేది. మాస్టారు వయసులో ఉండగా అక్కడ ఎన్నో వేసవులు తవ్వారు. ఆయనకి పేరు తెచ్చిన పుస్తకం ఆ కోట మీదే. అందులో ఆయన చెప్పింది ఒక్క ముక్కలో చెప్పాలంటే, కోట ముందు, రేవు తరవాత. సైన్యం రాకముందు అక్కడ బురదా రెల్లుగడ్డీ తప్ప ఏమీ లేవనీ, సైన్యమే ఆ చోటు ఎంచి, వంతెన వేసి, అక్కడొక ఊరికి ప్రాణం పోసిందనీ. ఆ మాట మీద ఆయన ఉద్యోగం, గౌరవం, ఇల్లు అన్నీ నిలబడి ఉన్నాయి.

ఆదివారం భోజనాల దగ్గర ఆ కోట కట్టి చూపించడం ఆయనకి సరదా. కంచంలో అన్నాన్ని నలుచదరంగా సర్ది, చుట్టూ వేలితో కందకం గీసి, ఒక పక్కన పప్పుచారు పోసి, దానికి అడ్డంగా ములక్కాడ ముక్క పెట్టి, "ఇదీ వంతెన. శత్రువెవడైనా రావాలంటే మన సైనికుడి కళ్ళముందు నుంచే రావాలి" అనేవారు. వచ్చిన విద్యార్థులందరూ, తెల్లవాళ్ళు కూడా, చేతిలో ముద్ద అలాగే పట్టుకుని వినేవారు. "మీ కోట చల్లారిపోతోంది, ఇంక తినండి" అనేది పిన్ని. ఆయన నవ్వి, కోటని నదిలో కలిపేసుకుని తినేవారు. ఆ ఇంట్లో మజ్జిగ దాకా కూర్చోకుండా లేవడం మర్యాద కాదు. మజ్జిగలోకి మాగాయ టెంక ఎవరికి పడితే వాళ్ళకి ఆ వారం పరీక్ష బాగా పోతుందని పిన్ని నమ్మకం. నాకు ఎప్పుడూ టెంకే పడేది. కావాలనే వేసేదని తరవాత తెలిసింది.

ఆ ఏడు డిపార్ట్‌మెంట్ స్టోర్‌రూమ్ కప్పు కారుతుంటే, ఆ కోట తవ్వకాల్లో దొరికిన కుండపెంకుల పెట్టెలు కొన్ని మాస్టారి ఇంటి బేస్‌మెంట్‌కి చేరాయి. అక్కడి మ్యూజియం చదువుకోడానికి అరువిచ్చినవి. తవ్విననాటి మట్టి కూడా వదలని, ఎవరూ పట్టించుకోని మామూలు వంటకుండల పెంకులు. వాటిని కడిగి, విడదీసి, వాటి మీదే థీసిస్ రాయమన్నారు నన్ను. నా రూమ్మేట్ సునీతది వరంగల్, కంప్యూటర్స్ చదివేది. "గా పెంకులు గడిగితే నీకు నౌకరీ ఎవడిస్తడే? మా దాంట్లకు మారిపో" అని రోజూ పోరు పెట్టేది. నేను వినలేదు. క్లాసులవగానే బస్సెక్కి మాస్టారింటికి వెళ్ళి, బేస్‌మెంట్‌లో గోరువెచ్చని నీళ్ళ టబ్బు ముందు ముక్కాలిపీట వేసుకుని, పాత టూత్‌బ్రష్‌తో ఒక్కో పెంకూ తోమేదాన్ని. కింద తొలకరి పడినట్టు తడిమట్టి వాసన, మెట్ల మీదుగా పైనుంచి ఇంగువ పోపు వాసన. నా జీవితంలో అంత నిబ్బరంగా, అంత హాయిగా పనిచేసిన రోజులు మళ్ళీ రాలేదు.

పెంకుకి నోరు లేదు. అది ఏ పొరలో దొరికిందో చెప్పేది దానితోపాటు వచ్చిన చీటీ ఒక్కటే. అందుకని ఒక సంచిలోవి కడిగితే వాటిని వాటి ట్రేలోనే, చీటీతో సహా ఆరబెట్టాలి. ఆరాక మళ్ళీ అదే సంచిలో కట్టాలి. చివర్లో ఒక్కో పెంకు మీదా సన్నటి కలంతో నంబరు వెయ్యాలి. నంబరు పడేదాకా ప్రాణమంతా ఆ చీటీలోనే. నేను ఎంత జాగ్రత్తగా ఉండేదాన్నంటే, ఒక ట్రే పూర్తిగా ఎత్తేదాకా ఇంకో సంచి ముడి విప్పేదాన్ని కాదు. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు. తరవాత జరిగింది అర్థం కావాలంటే ఇది తెలియాలి.

కోట మట్టిగట్టు అడుగు నుంచి తీసిన సంచులు ఒక వరస ఉండేవి. ఇంటి పునాది కింద దొరికింది ఇంటికంటే పాతదే అయి తీరాలి. అలాగే గట్టు కింద దొరికింది కోటకంటే పాతది. ఆ సంచుల్లో సైన్యం ఆనవాలు ఒక్కటి కూడా లేదు, లీజియన్ ముద్ర వేసిన ఇంటికప్పు పెంకు గానీ, బూటు మేకు గానీ. ఉన్నవల్లా చేత్తో చేసిన కుండలు, అంచుల మీద చేసినవాళ్ళ బొటనవేలి నొక్కులు, అడుగున మసి. వాటితోపాటు వల మునగడానికి అంచున కట్టే మట్టిబిళ్ళలు. కాకినాడ పిల్లని, వల బరువులంటే ఏమిటో నాకు ఒకరు చెప్పక్కర్లేదు. సైన్యం రాకముందే అక్కడ మనుషులు పొయ్యిలు వెలిగించారు, చేపలు పట్టారు, బహుశా పడవల మీద జనాన్ని దాటించారు. రోమన్లు వచ్చి వాళ్ళ పొయ్యిల మీద మట్టి పోసి గట్టు కట్టారు. రేవు ముందు, కోట తరవాత. ఇది నిలబడితే నాకు పీహెచ్‌డీ సీటు ఖాయం, వేసవిలో ఆ కోట దగ్గరికి ప్రయాణం ఖాయం. అంతకుమించి, అందరూ ఇంజనీరింగ్ అంటుంటే నేను మట్టి పట్టుకుని ఇంతదూరం రావడం పిచ్చితనం కాదని మా నాన్నకి చెప్పుకోగలను.

ముందు ఎవరికి చెప్పాను? పిన్నికే. మెట్లెక్కి పైకి పరిగెత్తాను. ఆవిడ ఇంటినుంచి తెచ్చుకున్న చేటలో కందిపప్పు ఏరుతోంది. మట్టిబిళ్ళ ఆవిడ చేతిలో పెట్టి, అంతా ఏకబిగిన చెప్పేశాను. ఆవిడ దాన్ని ఇటూ అటూ తిప్పి చూసి, "అయితే ఆయన పుస్తకం మాటేమిటే?" అంది. "కొంచెం మార్చి రాసుకోవాలి పిన్నీ, అందులో ఏముంది, చదువంటేనే అది" అన్నాను. ఎంత తేలిగ్గా అన్నానో. "ఏవీ ఆ సంచులు, నాకూ చూపించు" అంటూ ఆవిడే నాతో కిందికి వచ్చింది. "ఇదిగో, ఈ గోడవారగా ఉన్న వరసంతా గట్టు కిందవి. మిగతావి పై పొరలవి" అని మార్కుల కార్డు చూపించే పిల్లలా చూపించాను. పిన్ని ఆ వరసవైపు చూస్తూ నిలబడింది. చీర కొంగుతో చెయ్యి తుడుచుకుని, "అన్నం తిందువు గాని రా" అంది.

మాస్టారికి ఆదివారం భోజనంలో చెప్పాను. ఆయన కోట కట్టడం పూర్తయింది, ములక్కాడ ముక్క కోసం చూస్తున్నారు. "మాస్టారూ, అన్నం పెట్టకముందే ములక్కాడ పెట్టాలేమో" అన్నాను నవ్వుతూ, తరవాత సంగతంతా వివరించాను. ఆయన నవ్వలేదు, కోప్పడలేదు కూడా. అన్నీ విని, "రాసి చూపించు" అన్నారు. కోటని వేళ్ళతో చెరిపి, నాలుగు ముద్దలు తిని, మజ్జిగ పోసుకోకుండా లేచి వెళ్ళిపోయారు. నేను ఆ ఇంట్లో చూస్తుండగా అలా లేవడం అదే మొదలు. ఆ తరవాత ఆయన కంచంలో కోట కట్టలేదు. ఒంట్లో బాగుండటం లేదని పిన్ని చెప్పేది.

థాంక్స్‌గివింగ్ సెలవులకి సునీతావాళ్ళు నయాగరా వెళ్తున్నారు. నేను రానన్నాను. అప్పటికి పెంకులన్నీ ఆరి, సంచుల్లో కట్టడం అయింది. ఇంక నంబర్లు వెయ్యడమే మిగిలింది. పిన్ని ఊరుకోలేదు. "వెళ్ళవే, ఎముకల గూడులా అయ్యావు. ఆ పెంకులు అన్ని వందల ఏళ్ళు ఆగాయి, నాలుగు రోజులు ఆగలేవా? నేను లేనూ చూసుకోడానికి?" అంది. పులిహోర పొట్లాలు కట్టి, సున్నుండల డబ్బా ఇచ్చి, కారు దాకా వచ్చి సాగనంపింది. నయాగరాలో సునీత తీసిన ఫోటో ఒకటి నా దగ్గర ఇప్పటికీ ఉంది. నోరంతా తెరిచి నవ్వుతున్నాను.

తిరిగొచ్చేసరికి మాస్టారు బేస్‌మెంట్‌లో ఉన్నారు. గట్టు కింది సంచులు మూడు నాలుగు విప్పి, బల్లమీద పరిచి ఉన్నాయి. "ఇలా రామ్మా" అన్నారు. ఆ చేత్తో చేసిన కుండల మధ్య లీజియన్ ముద్ర ఉన్న ఇంటికప్పు పెంకు ముక్క. ఎన్నో శతాబ్దాల తరవాతి ఆకుపచ్చ మెరుగు పెంకు. ఇంకో సంచిలో ఉండాల్సిన కుండ మూతి.  వంగి చూస్తుంటే ఆగకుండా తుమ్ములు వచ్చాయి. "బేస్‌మెంట్ దుమ్ము" అన్నారాయన. "ఆరబెట్టేటప్పుడు ట్రేలు తారుమారు అయినట్టున్నాయి. నీ మీద కోపం లేదమ్మా, ఎవరికైనా జరుగుతుంది. కానీ ఈ పెంకుల మీద ఇంక ఎవరూ ఏమీ రాయలేరు." మిగతా సంచులు విప్పబోతే వాటి మీద చెయ్యి పెట్టి, "వద్దు, చూసినకొద్దీ బాధ" అన్నారు. ఆ చెయ్యి ఎంత మెత్తగా ఉందో నాకు ఇప్పటికీ గుర్తే.

బేస్‌మెంట్ మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. పిన్ని వచ్చి రెక్క పట్టుకుని పైకి తీసుకెళ్ళింది. మాస్టారు కూడా పైకి వచ్చి, ఎదురుగా పేపరు తెరుచుకుని కూర్చున్నారు. వేడన్నం, అప్పుడే పోపు పెట్టిన ముద్దపప్పు, నెయ్యి కలిపి, చిన్నపిల్లకి పెట్టినట్టు ముద్దలు చేసి తినిపించింది. "తప్పులు అందరం చేస్తామే. అంతమాత్రాన అన్నం మానేస్తామా?" అంది. తిన్నాను. అంత బాధలోనూ పప్పు ఎంత బాగుందో అనుకున్నాను, అనుకున్నందుకు సిగ్గుపడ్డాను కూడా.

ఆ తరవాతి సెమిస్టర్‌కి నా అసిస్టెంట్‌షిప్ రాలేదు. వీసా నిలబడాలంటే ఏదో ఒక చదువులో ఉండాలి. మాస్టారే కంప్యూటర్స్ వాళ్ళతో మాట్లాడి నాకు సీటు ఇప్పించారు. ఆ మేలుకి ఆయన కాళ్ళకి దండం పెట్టాను. పెట్టెలు స్టోర్‌కి వెళ్ళిపోయాయి. వాటి మీద విద్యార్థి పొరపాటు వల్ల పనికిరావని రాసి ఉంటుందని నాకు తెలుసు, అందులో అబద్ధం ఉందని నేనెప్పుడూ అనుకోలేదు. ఉద్యోగం, పెళ్ళి, అరోరాలో ఇల్లు, ఇద్దరు పిల్లలు. అమ్మకి వీసా రాకపోతే రెండు పురుళ్ళకీ పిన్నే వచ్చి పిల్లలకి స్నానాలు చేయించింది. మాస్టారు రిటైరైనప్పుడు ఇక్కడి తెలుగువాళ్ళు సన్మానం చేస్తే శాలువా కప్పింది నేనే. "నేను చేసిన అంత పెద్ద తప్పుని ఒక్క మాట అనకుండా క్షమించిన మనిషి" అని మైకులో చెప్పి దిగిపోయాను. ఆయన తలవంచుకుని కూర్చున్నారు. వినయం అనుకున్నాను. మొదటి వరసలో పిన్ని కళ్ళు తుడుచుకుంది. అభిమానం అనుకున్నాను.

వీటన్నిటికంటే నాకు కడుపు రగిలేది వేరే దానికి. ఆ రోజు నుంచి నాకు నా చేతుల మీద నమ్మకం పోయింది. స్టవ్ ఆపానా లేదా అని కారు వెనక్కి తిప్పుకుని వచ్చి చూస్తాను. పిల్లల మందు సీసా మీద పేరు చదివి, మళ్ళీ చదివి, మా ఆయన్ని పిలిచి చదివిస్తాను. ఆఫీస్‌లో నేను రాసిన కోడ్ నేనే పదిసార్లు టెస్ట్ చేసుకుంటుంటే కుర్రాళ్ళు నవ్వుకునేవారు. "నాది కంగారు చెయ్యిరా, నన్ను నమ్మకండి" అని నా పిల్లలకి నేనే చెప్పుకునేదాన్ని. వాళ్ళకి అది ఇంట్లో ఒక జోక్. ఇన్నాళ్ళూ నేను నమ్మకూడనిది నా చేతుల్ని కాదు.

మాస్టారు పోయాక పిన్ని నేపర్‌విల్‌లో కూతురి దగ్గర ఉంటోంది. కూతురికీ అల్లుడికీ శనివారాలు కూడా డ్యూటీలు ఉంటాయి, అందుకని ఏళ్ళుగా శనివారం ఆవిడని గుడికి తీసుకెళ్ళేది నేను. మేఘన ఫోన్ చేసిన మర్నాడు శనివారం కాదు. అయినా వెళ్ళాను. పిన్ని వంటింటి బల్ల దగ్గర కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. చూపు కాస్త మందగించింది తప్ప మనిషి గట్టిగానే ఉంది. "ఇవాళేంటే, ఇలా ఊడిపడ్డావు?" అంది. ఫోన్‌లో ఫోటో పెద్దది చేసి ఆవిడ ముందు పెట్టాను. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని చూసింది. చాలాసేపు చూసింది.

"ఇంకా ఉన్నాయా అవి" అంది.

ఆ మాటతో నాలో చివరి ఆశ కూడా పోయింది. దారి పొడుగునా నేను ఆవిడ తరఫున ఎన్ని సాకులు వెతుక్కున్నానో చెప్పలేను. తడిసిపోతే మళ్ళీ కట్టిందేమో, పడిపోతే ఎత్తిందేమో అని. "నువ్వే కలిపావా పిన్నీ?" అన్నాను.

"నేనే." చిక్కుడుకాయ ఇంకోటి తీసుకుంది. "ఆయన తిండి మానేశాడే. పుస్తకం తప్పని తేలితే ఈ ఊళ్ళో తలెత్తుకోలేనన్నాడు. మనవాడు ఒక్కడు ఆ స్థాయికి వెళ్ళాడు, మనపిల్ల చేతుల మీదుగానే పడిపోవాలా అనుకున్నాను. నీదేముంది, చిన్నదానివి. ఇంకోటి చదువుకుంటావు అనుకున్నాను. చదువుకున్నావు కూడా."

"ఏ సంచులో నేనే చూపించాను నీకు."

"ఊఁ. నువ్వే చూపించావు." ఆవిడ నన్ను చూడలేదు. "చీటీలు మార్చడం నాకు తెలీదు. చేటలో పోసి కలిపి, మళ్ళీ సంచుల్లో పోశాను. మిరపకాయలు వేసినట్టు నాకే తెలీదు. చేతి అలవాటు."

"మాస్టారికి తెలుసా?"

ఈసారి ఆవిడ చెయ్యి ఆగింది. అబద్ధం చెప్తే బాగుండునని అనిపించింది నాకు. పిన్నికి అబద్ధాలు చెప్పడం రాదు, అది ఆవిడ చేసిన పనికంటే విచిత్రంగా అనిపిస్తుంది ఇప్పుడు తలుచుకుంటే. "నేను చెప్పలేదు. నువ్వొచ్చే ముందు ఆయనే సంచులు విప్పి చూశాడు. నాలుగు మిరపకాయలు తెచ్చి నా చేతిలో పెట్టి, పోపులో వేసుకో అన్నాడు. ఇంకేమీ అనలేదు."

"వేశావా?"

"పారేసే అలవాటు లేదుగా" అంది పిన్ని.

ఆ రోజు నేను తిన్న పప్పు అదే. నా నోట్లో ముద్ద పెడుతున్నప్పుడు ఆవిడకీ తెలుసు, ఎదురుగా కూర్చుని పేపరు చదువుతున్న ఆయనకీ తెలుసు. ఆ ఇంట్లో తెలియనిది నాకొక్కదానికే. లేచి నిలబడ్డాను. "నిన్ను కూతురిలా చూసుకోలేదుటే?" అంది పిన్ని. "చూసుకున్నావు. అదే నాకు మింగుడు పడటం లేదు" అన్నాను. "మళ్ళీ ఆ రోజు వస్తే మళ్ళీ అదే చేస్తానేమోనే. నీ దగ్గర దాపరికం ఎందుకు?" అంది. తరవాత చిన్నగా, "ఎవరికీ చెప్పకే. నేను పోయేదాకా ఆగు. ఎంతో కాలం ఉండనుగా" అంది.

ఆగలేదు. ఆ ఇంటిముందు, కార్‌లోనే కూర్చుని మేఘనకి ఫోన్ చేశాను. విద్యార్థి పొరపాటు అని ఉన్నచోట కొట్టేసి, ప్రొఫెసర్ ఇంట్లో కావాలని కలిపారని రాయమన్నాను. ఎవరు కలిపారో పేరుతో సహా చెప్పాను.  "ఐ యామ్ సో సారీ, ఆంటీ" అంది. తరవాత నన్ను ఓదార్చడానికి కాబోలు, "మీకు తెలుసా, మీరు కరెక్ట్. కొత్త టీమ్ డిగ్ చేసి, సైన్యం కంటే ముందే క్రాసింగ్ ఉంది అని ప్రూవ్ చేసేశారు. ఇప్పుడు అందరూ అదే రాస్తారు" అంది. ఆ మాట విని సంతోషించాలని నాకు తెలుసు. నాకు కంచంలో అన్నం కోట చెరిపేస్తున్న మాస్టారి వేళ్ళు గుర్తొచ్చాయి. ఎప్పటికైనా పడిపోయే గోడని కొన్నాళ్ళు నిలబెట్టడానికి వాళ్ళు నన్ను అడుగున వేసి గట్టు కట్టారు. ఆ గట్టు కూడా నిలవలేదు.

ఇంటికొచ్చి వంటింట్లో డబ్బాలన్నీ తీశాను. కందిపప్పు, మినప్పప్పు, రవ్వ, పిండి, ఒక్కోదానిలో చెయ్యి పెట్టి మిరపకాయ వెతికి తీసి చెత్తబుట్టలో పారేశాను. మా ఆయన గుమ్మంలో నిలబడి చూశాడు. ఎండాకాలం వచ్చేసరికి రవ్వకి పురుగు పట్టింది, తరవాత కందిపప్పుకి. వాటినీ పారేశాను. మిరపకాయలు మాత్రం మళ్ళీ వెయ్యలేదు.

శనివారం వచ్చింది. వెళ్ళకూడదనే అనుకున్నాను. కానీ ఆ ఇంట్లో ఆవిడని గుడికి దింపే మనిషి ఇంకొకరు లేరు. నేపర్‌విల్ వెళ్ళేసరికి ఆవిడ ఎప్పటిలాగే చీర మీద స్వెటర్ వేసుకుని, కొబ్బరికాయ సంచి పట్టుకుని, గుమ్మం మెట్ల మీద నిలబడి ఉంది. వస్తానో రానో అని ఎంతసేపు నిలబడిందో తెలీదు. నన్ను చూడగానే ముఖం విప్పారింది. నేను దిగి డోర్ తీశాను, ఆవిడ మెల్లగా ఎక్కి కూర్చుని, సంచి ఒళ్ళో పెట్టుకుని, "వచ్చావుటే" అంది.

"సీట్ బెల్ట్ పెట్టుకోండి, ఆంటీ" అన్నాను.

ఆవిడ నా వైపు చూసింది. తరవాత తల తిప్పుకుని, బెల్ట్ కోసం పక్కన తడుముకోవడం మొదలుపెట్టింది.